తడవకూడని పిల్ల

హైమావతి తన కూతురి ఒంటి మీంచి రుద్ది తీసిన సున్నిపిండి, ఆదివారం పొద్దున స్నానాల గదిలో గోడవారగా లేచి కూర్చుని, తువ్వాలు అడిగింది.

ఇందులో నోరు వెళ్లబెట్టవలసిందేమీ లేదు. కొండేపూడి పురపాలక సంఘం పరిధిలో, నీటి ఎద్దడి ఉన్న వార్డుల్లో, ఎండాకాలం ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. సున్నిపిండి గుణమే అంత. ఒంటి మీంచి ఏది తీస్తే దాన్ని పట్టుకుని వదలదు. కైలాసంలో సాక్షాత్తు అమ్మవారు స్నానానికి కూర్చున్నప్పుడు జరిగిందే కొండేపూడిలో జరిగితే తప్పేముంది? అందుకే నలుగు రాలీ రాలకముందే దాని మీద చెంబుడు నీళ్లు గుమ్మరించాలన్నది ఇంటింటా ఆడవాళ్లు పాటించే పద్ధతి. ఆ పద్ధతి హైమకు తెలియక కాదు. ఆ రోజు నలుగు సగంలో ఉండగా కొళాయి ఆగిపోయింది. పక్కింటి నుంచి బకెట్టుడు నీళ్లు తెచ్చేలోపు రాలినదంతా ఒక్కచోట చేరి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

“తువ్వాలియ్యవే అమ్మా, చలేస్తంది,” అంది మళ్లీ.

పీట మీదున్న పన్నెండేళ్ల మంజీర మాత్రం ఏమీ అడగలేదు. తెల్లగా, నున్నగా, నానబెట్టి ఒలిచిన బాదంపప్పులా మెరుస్తూ, ఇచ్చినప్పుడే తీసుకుందాం అన్నట్టు కూర్చుంది. హైమ ఉన్న ఒక్క తువ్వాలూ ఎవరికివ్వాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి అడిగిన పిల్లకే ఇచ్చింది.

హైమ చేతివైద్యం ఆ వీధిలో పేరున్నదే. అత్తగారు భానుమతమ్మ మడమల పగుళ్లకు మైనం, ఆముదం కలిపి కాచేది. భర్త త్రినాథ్ వీపు మీది చెమటకాయలకు సాన మీద గంధం తీసేది. డబ్బాల్లో అమ్మే క్రీములు గడప తొక్కనిచ్చేది కాదు, వాటిలో ఏం కలుపుతారో ఎవడు చూడొచ్చాడని. కూతురి సున్నిపిండి దగ్గర మరీ పట్టింపు. పెసలు, శనగపప్పు, కస్తూరిపసుపు, కచ్చూరాలు, బావంచాలు, నీడన ఆరబెట్టిన బత్తాయి తొక్కలు అన్నీ తనే ఏరి, దంచి, మిల్లుకు తీసుకెళ్లేది. కారం ఆడిన మర జోలికి పోకుండా, పిండిమర ఖాళీ అయ్యేదాకా నిలబడి ఆడించుకొచ్చేది. ప్రేమ లేకపోతే అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

మంజీరది తల్లి రంగు. హైమను చిన్నప్పటి నుంచీ చూసినవాళ్లంతా “రంగు తక్కువైనా కళగల మొహం” అంటూ వచ్చారు. మెచ్చుకోలుగానే అన్నారు పాపం. ఆ మెచ్చుకోలు ఆమెకు పెళ్లిపీటల మీదా తప్పలేదు, పురిటిమంచం మీదా తప్పలేదు. పిల్లకు ఓణీల ఫంక్షన్ దగ్గర పడుతోంది. ఆ రోజు వచ్చే చుట్టాల నోట ఆ మాట వినపడకూడదని ఆమె కోరిక. మరీ గొంతెమ్మ కోరికేం కాదు. వారం వారం నువ్వులనూనె మర్దించి, నలుగు పెట్టి, పిల్ల “మంటమ్మా” అంటున్నా “ఇంకాస్త ఓర్చుకోవే తల్లీ” అంటూ రుద్దింది. ఆ ఆదివారం పిండిలో బావంచాలు రెట్టింపు చేసింది.

పని పూర్తిగానే జరిగింది. మంజీర ఒంటి మీద నలుపు లేదు. దాంతోపాటు గడ్డం కింది పుట్టుమచ్చా లేదు, సైకిలు మీంచి పడ్డప్పటి మోకాటి మచ్చా లేదు, నవ్వూ లేదు. అన్నీ పిండిపిల్ల దగ్గరున్నాయి. తల్లి వైపు మెడ తిప్పి చూసే చూపుతో సహా.

ఇంట్లో దీని మీద పెద్ద రభసేం జరగలేదు. త్రినాథ్ సహకార బ్యాంకులో గుమాస్తా. మెత్తని మనిషి. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. జనం అడిగితే ఏం చెప్పాలో అదొక్కటీ నువ్వే చెప్పు,” అన్నాడు. భానుమతమ్మ మాత్రం “పిండిముద్దకి కంచం పెడతావేంటే, విడ్డూరం కాకపోతే!” అని బుగ్గలు నొక్కుకుంది. అలా అన్న మనిషే ఆ మధ్యాహ్నం పిండిపిల్లతో గవ్వలాట ఆడి ఓడిపోయి, మళ్లీ ఆడదామని పట్టుబట్టింది.

సోమవారం హైమ పురపాలక కార్యాలయానికి వెళ్లింది. జనన మరణాల విభాగంలో పేరూ వార్డూ విని, ఇది తమ పరిధిలోకి రాదని, వెనకవైపు పారిశుద్ధ్య విభాగానికి వెళ్లమన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గోవర్ధనం మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, పిండి పచ్చిగా ఉందా ఆరిపోయిందా అని అడిగాడు.

“ఆరిపోయిందండీ. నవ్వుతోంది కూడా,” అంది హైమ.

“నవ్వుతారమ్మా. మామూలే. ఆ వార్డులో కొళాయి ఎప్పుడాగిందో మా వాళ్లను కనుక్కుంటాను. పొరపాటు మాదైతే మాదనే రాసుకుంటాం.”

“పొరపాటు సంగతి కాదండీ. మిగతా ఇళ్లలో కూడా పిల్లలకి నలుగు పెడతారు కదా. మరి వాళ్లకి ఇలా...”

“అందరిళ్లలోనూ ఇంతేనమ్మా. వాళ్లకి నీళ్లుంటాయి కాబట్టి లేచి కూర్చోరు.” గోవర్ధనం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కాలవలు తీయించేది మేమే కదా. మాకు తెలియనిదేముంది.”

హైమ గ్లాసు కింద పెట్టేసింది. ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదు. ఆ రాలినదాన్ని మళ్లీ తీసుకెళ్లి పిల్లకి పూసేస్తే అతుక్కుంటుందేమోనని అడిగింది.

“కొంతమంది తల్లులు చేసి చూశారమ్మా. పూస్తే పూతలా ఉంటుంది, ఆరగానే రాలిపోతుంది. పైగా ఆ పిండిపిల్లకి బాధ.”

“పోనీ, ఈ పిల్లే నా కూతురని రాయండి. నాకు ఈ పిల్లే కావాలి.”

ఈ మాట ఆమె నోట రావడం ఆమెకే ఆశ్చర్యమేసింది. గోవర్ధనానికి వెయ్యలేదు. ఎండాకాలంలో ఆ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్లంతా అదే అడుగుతారట. పుట్టిన పిల్ల ఇంట్లో ఉంది కాబట్టి ఆమెను రద్దు చేసే నిబంధన లేదనీ, ఒక పేరు ఇద్దరికి ఇచ్చే వీలు లేదనీ, అయినా పిండిపిల్లను ఇంట్లో ఉంచుకోకూడదని మాత్రం ఎక్కడా లేదనీ ఓపిగ్గా చెప్పాడు.

“ఒక్కటే జాగ్రత్తమ్మా. తడవకూడదు. తడిస్తే ఇక మేం కూడా ఏమీ చెయ్యలేం. ఎన్నాళ్లుంచుకుంటారన్నది మీ ఇష్టం. ఎక్కువమంది ఏదైనా శుభకార్యం దాకా ఉంచుకుంటారు.”

“నేను అలాంటిదాన్ని కాదండీ,” అంది హైమ రోషంగా.

“మంచిదమ్మా,” అన్నాడు గోవర్ధనం.

నిజంగానే ఆమె అలాంటిది కాదు. ఆ నెలలో హైమ పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. పిండిపిల్లకు స్నానం లేదు కాబట్టి రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి, ఒళ్లు పగలకుండా నువ్వులనూనె రాసేది. ఎవరూ లేనప్పుడు “మంజీ” అని పిలిచేది. ఆ పిల్ల ముచ్చట్లకు అంతూ పొంతూ లేదు. పచ్చడి కారమని చిందులేసేది, టీచర్ల నడకలు నడిచి చూపించేది, మాటకు మాట అప్పజెప్పేది. హైమకు కడుపు నిండిపోయేది. మబ్బు పడితే చాలు, పరుగెత్తుకెళ్లి కిటికీలు మూసేది.

తెల్లమంజీరతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది, ఏమన్నా “సరే” అనేది. బడిలో టీచర్లు ఇప్పుడు పిల్ల దారిలో పడిందన్నారు. ఒకరోజు జడ వేయించుకుంటూ, “అమ్మా, నేను ఇదివరకు దేనికి నవ్వేదాన్ని?” అని అడిగింది. హైమ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఎంత ఆలోచించినా ఫలానా దానికి అని చెప్పలేకపోయింది. అన్నిటికీ నవ్వేది పిల్ల. పక్కగదిలోంచి గవ్వలు గలగలమన్నాయి, ఆ వెనకే నవ్వు. తెల్లమంజీర తల అటు తిప్పి విని, మళ్లీ నిటారుగా కూర్చుంది.

ఓణీల ఫంక్షన్‌కు ముహూర్తం పెట్టారు. ఫోటోగ్రాఫరు వచ్చి పిల్లను చూసి, ఈ రంగుకు లైట్లు కూడా అక్కర్లేదని మెచ్చుకుని వెళ్లాడు. చుట్టాలు రెండు బ్యాచ్‌లుగా దిగుతున్నారు. అప్పుడు ఇంట్లో అందరి మనసులోనూ ఉన్న సంగతిని భానుమతమ్మే పైకి అంది.

“దాన్ని ఆ రెండ్రోజులూ స్టోరుగదిలో ఉంచవే. నాకు మాత్రం దాని మీద కోపమేంటి? నా ఆటంతా దాంతోనేగా. చూసినోళ్లు ఊరుకుంటారా?”

“రెండ్రోజులేగా,” అన్నాడు త్రినాథ్.

“రెండ్రోజులే,” అంది హైమ కూడా. ఆ మాట తనే అన్నానని తరవాత చాలా రోజులు ఆమె నమ్మలేకపోయింది.

ఫంక్షన్ పొద్దున త్రినాథ్ ట్యాంకరు తెప్పించాడు. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు అన్నీ నిండిపోయాయి. ఆ ఇంట్లో అన్ని నీళ్లు ఒక్కసారి ఎవరూ చూసి ఎరగరు. ముత్తయిదువులు తెల్లమంజీరకు మంగళస్నానం చేయించి, హారతిచ్చి, పట్టుపరికిణీ కట్టడానికి లోపలికి తీసుకెళ్లారు. గంగాళంలో వేణ్నీళ్లు ఇంకా సగం ఉన్నాయి. హైమ తడినేల తుడుద్దామని స్నానాల గదిలోకి వెళ్లేసరికి, పిండిపిల్ల పీట మీద కూర్చుని ఉంది. స్టోరుగదికి గడియ పెట్టింది హైమే. ఎవరో పప్పుబస్తా కోసం వెళ్లి తలుపు తీసినట్టున్నారు.

“ఇక్కడికెందుకొచ్చావే? తడుస్తావు! లే ముందు!”

“ఫంక్షను నాదేగా అమ్మా?”

“నీదేనే.”

“మరి ఎక్కడ కూర్చోమంటావ్?”

హాల్లో కుర్చీ ఒక్కటే వేశారు. దానికి పూలు కట్టారు. స్టోరుగదిలోకి ఇప్పుడు వంటవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. పెరట్లో షామియానా కింద మగవాళ్లు కూర్చున్నారు. ఇల్లంతా మనసులోనే ఒకసారి తిరిగి వచ్చింది హైమ. ఆ పిల్ల కూర్చునే చోటు ఎక్కడా కనపడలేదు.

“పోన్లే. నాకూ తలంటు,” అంది పిల్ల. “వేణ్నీళ్లేనా?”

“వేణ్నీళ్లే.”

బయటి నుంచి ఎవరో “హైమా, హారతిపళ్లెం ఎక్కడే?” అని కేకేశారు. వస్తున్నానంది హైమ. చెంబు ఆమె చేతిలోనే ఉంది. కింద పెట్టెయ్యచ్చు. పిల్లను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి, పూలకుర్చీలో కూర్చోబెట్టి, ఇదే నా కూతురు అని అనచ్చు. అలా అంటే ఆకాశం విరిగిపడదు. చుట్టాలు ఒక మాట అనుకుంటారు, భోజనాలు చేస్తారు, వెళ్లిపోతారు. ఇదంతా ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. తలుపు దగ్గర కూడా ఎవరూ లేరు. హైమ చెంబు ముంచి, వేడి చేత్తో చూసుకుని, పోసింది.

పిల్ల మొదటి చెంబుకు కళ్లు మూసుకుంది. రెండో చెంబుకు “హాయిగా ఉందే,” అంది. తరవాత పసుపు వాసన వచ్చింది. హైమ గంగాళం అడుగంటేదాకా పోస్తూనే ఉంది. ఆపితే ఏం మిగిలిందో చూడవలసి వస్తుందని భయం.

ఫంక్షన్ దివ్యంగా జరిగింది. పిల్ల మెరిసిపోతోందన్నారు. ఎవ్వరి నోటా, ఒక్కరి నోటా కూడా, ఆ పాత మెచ్చుకోలు రాలేదు. హైమ వడ్డనల్లో తిరుగుతూ ప్రతి పంక్తి దగ్గరా అదే చెవిన పడుతుందేమోనని విన్నది. వస్తే బావుణ్ణనిపించింది ఆమెకు. భోజనాలయ్యాక భానుమతమ్మ గవ్వల సంచీ తీసి, కాసేపు ఒళ్లో పెట్టుకుని, అటక మీద పెట్టించేసింది. వారం తరవాత గోవర్ధనం సైకిలు మీద అటుగా పోతూ గుమ్మంలో ఆగాడు. హైమ మొహం చూసి, “కాలవ శుభ్రంగానే ఉందమ్మా,” అని చెప్పి వెళ్లిపోయాడు.

హైమ ఆ తరవాత చాలా ఏడ్చింది. గిన్నెలు తోముతూ ఏడ్చింది, గుడిలో ఏడ్చింది, ఏమీ లేని మధ్యాహ్నాల్లో ఉత్తపుణ్యానికి ఏడ్చింది. చేతులారా చేసుకున్నానని పైకే అనుకునేది. త్రినాథ్ “ఊరుకో, పిల్ల ఎదురుగా ఉందిగా,” అనేవాడు. పిల్ల ఎదురుగానే ఉండేది. తల్లి ఏడుస్తుంటే మంచినీళ్లు తెచ్చిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యాక తీసుకెళ్లేది.

పక్కింటి వరూధినికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకు వెళ్లినవాళ్లు ఉయ్యాల్లోకి తొంగిచూసి, రంగు తక్కువైనా కళ ఉందన్నారు. వరూధిని మొహం చిన్నబోయింది. మర్నాడే వచ్చి, “అక్కా, మీ మంజీరకి వాడిన పిండి కాస్త మిగిలిందా?” అని మొహమాటంగా అడిగింది. హైమకు లేదనాలనే ఉంది. జరిగిందంతా చెప్పాలని నోటిదాకా వచ్చింది. వరూధిని కళ్లలో ఆ ఆశ చూశాక, లోపలికి వెళ్లి డబ్బా తెచ్చిచ్చింది. పసిపిల్ల కదా, మీగడ ఎక్కువ కలపమంది. ఎవరి పిల్ల బాగుండాలని వాళ్లకుండదూ?

ఆదివారం పొద్దున పొయ్యి మీద వంకాయకూర మగ్గుతోంది. పక్కింట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గుక్కపట్టి ఏడుస్తోంది.

“నలుగు పెడుతున్నట్టున్నారు,” అన్నాడు త్రినాథ్ పేపర్లోంచి తలెత్తకుండా.

హైమ గరిటె పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. చెవి ఒగ్గి విన్నది. కాసేపటికి గోడ అవతల బకెట్లోంచి నీళ్లు ముంచిన చప్పుడు, గబగబా గుమ్మరించిన చప్పుడు వినిపించాయి. అమ్మయ్య అనుకుని, హైమ కూర కలియబెట్టడానికి వెనక్కి వచ్చింది.