ఇరవై మిల్లీమీటర్ల వేలు

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఎనిమిదింటికి బస్సెక్కాలి. మూడు వారాలు లేత్ యంత్రం ముందు నిలబడి తాను చేసిన ఉక్కు రింగును పదింటికల్లా కాలేజీలో అప్పగించాలి. రింగు పాసైతే సెలవుల్లో బేరింగుల ఫ్యాక్టరీలో శిక్షణ సీటు ఖాయం. ఫెయిలైతే సీటు ఇంకొకరికి పోతుంది, మళ్లీ పరీక్షకు ఆరు నెలలు ఆగాలి. మిగతా విద్యార్థులందరూ ముందురోజు సాయంత్రమే ఇచ్చేశారు. ఈ అమ్మాయి మాత్రం వాళ్ల నాన్నకు చూపించాలన్న ముచ్చటతో, ఒక్క రాత్రికని అడిగి ఇంటికి తెచ్చుకుంది.

నాన్న దర్జీ. పాతికేళ్లుగా జనం నడుములు కొలిచి కొలిచి, మనిషి గుమ్మంలోకి రాగానే చుట్టుకొలత చెప్పేస్తాడు. కూతురి చదువంటే ఆయనకు ప్రేమే గానీ, దాని మీద గురి ఇంకా కుదరలేదు. ఇనప ముక్కలు చెక్కడానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకన్నది ఆయన సందేహం. ఆ సందేహం పైకి అనకుండా ఆయనకు పొద్దుటి టీ గొంతు దిగదు.

"ఇంతకీ దీని గొప్పేమిటమ్మా?" అన్నాడు, బల్ల మీద మెత్తటి గుడ్డలో ఉన్న రింగును చూస్తూ.

"మధ్యలో రంధ్రం చూడు నాన్నా. ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పిసరంత కూడా తగ్గకూడదు. పెరిగితే మాత్రం మిల్లీమీటరులో రెండు వందో వంతుల దాకా ఊరుకుంటారు."

"రెండు వందో వంతులంటే ఎంత?"

"నీ వెంట్రుక ఒకటి పీకి, నిలువునా మూడు చీలికలు చేస్తే అందులో ఒకటి."

దర్జీ పగలబడి నవ్వాడు. "ఉన్నవే నాలుగు. వాటినీ చీలుస్తావా తల్లీ? మా పనిలో అరంగుళం తేడా వచ్చిందనుకో, లోపలికి మడిచి కుట్టేస్తాం."

"ఉక్కును మడవలేం నాన్నా. ముట్టుకోకు, చెమట తగిలితే తుప్పు పడుతుంది," అని చెప్పి అమ్మాయి జడ వేసుకోవడానికి లోపలికి వెళ్లింది.

ముట్టుకోవద్దన్నారు గనక ఆయన రింగును ముట్టుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. వెంట్రుకలో మూడో వంతు ఎక్కడా కంటికి ఆనలేదు. వేలికైనా తెలుస్తుందేమోనని కుడిచేతి ఉంగరపు వేలికి తొడిగాడు. కొలిచి చేసినట్టు కణుపు దాటి చక్కగా లోపలికి దిగింది. మళ్లీ బయటికి మాత్రం రాలేదు.

రెండు నిమిషాల తర్వాత భార్య వచ్చి అడిగింది. "ఏవండీ, ఆ చెయ్యి బల్ల కింద ఎందుకు పెట్టారు?"

"ఊరికే."

"ఊరికే చెమటలెందుకు పడతాయండీ?"

జడ సగంలో ఉండగానే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నాన్న వేలు చూసింది. గోడ గడియారం చూసింది. కుర్చీలో కూలబడింది.

అక్కడి నుంచి ఇల్లంతా ఆ ఒక్క వేలి మీద పడింది. అమ్మ నూనె పోసింది. రింగు గిర్రున తిరిగింది గానీ కణుపు దగ్గరికొచ్చి మొండికేసింది. సబ్బయితే జారుతుందన్నారు. సబ్బు ఎంతకీ కనపడక, అందులోనూ సబ్బే ఉంటుంది కదా అని అమ్మ అంట్లు తోమే పొడి గుప్పెడు పోసింది. నూనె, పొడి కలిసి ముద్దయ్యాయి. నాయనమ్మ తన మంచం మీంచే ఆజ్ఞలు జారీ చేసింది.

"తిప్పరా, తిప్పు! ఆపావంటే బిగుసుకుపోతుంది!"

"తిప్పుతూనే ఉన్నానమ్మా!"

తిప్పేకొద్దీ రింగు సందులోంచి నల్లటి జిడ్డు రాసాగింది. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి ముఖం చిట్లించింది.

"చూడు, ఎంత మురికి వస్తోందో! చిన్నప్పటినుంచీ మొత్తుకుంటున్నా, స్నానం సరిగ్గా చెయ్యరా అని."

"వేలు కడుక్కుంటూనే ఉంటానమ్మా!" అన్నాడు యాభై రెండేళ్ల దర్జీ, ఏడుపు గొంతుతో.

ఎనిమిదిన్నర బస్సు కూడా వెళ్లిపోయింది. వీధి చివరనున్న కంసాలిని పిలుచుకొచ్చారు. అతను వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలోంచి చిన్న రంపం తీశాడు.

"రెండు నిమిషాల పని. రింగును ఇక్కడ కోసి విప్పదీస్తే సరి."

దర్జీ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కొయ్యాల్సొస్తే వేలు కొయ్యవయ్యా. రింగు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. మూడు వారాలు మా అమ్మాయి అన్నం కూడా నిలబడే తింది దీనికోసం."

అమ్మాయి అప్పటిదాకా కోపంతో కుతకుతలాడుతూ ఉంది. ఆ మాటతో కోపం కాస్తా నీరుగారిపోయింది. ఏడవడానికి టైము లేదు గనక నాన్న మణికట్టు పట్టుకుని బస్‌స్టాపుకు లాక్కెళ్లింది.

బస్సులో దర్జీ తల్లి మాట జవదాటలేదు. గంటసేపూ రింగు తిప్పుతూనే ఉన్నాడు. ఎదుటి సీట్లో ఉన్నావిడ చాలాసేపు గమనించి, జాలిగా ముందుకు వంగింది.

"అన్నయ్యా, తొందరపడకండి. సంసారమన్నాక గొడవలొస్తాయి. ఉంగరం తీసి పారేసినంత మాత్రాన బంధం తెగిపోతుందా? పక్కన ఎదిగిన కూతురు కూడా ఉంది."

"ఇది పెళ్లిది కాదమ్మా, కూతురిదే," అన్నాడు దర్జీ. తండ్రి వేలి ఉంగరం లాక్కుంటోందనుకుని, ఆవిడ అమ్మాయి వైపు కొరకొరా చూసి ముఖం తిప్పుకుంది.

కాలేజీ వర్క్‌షాపు గుమ్మం దగ్గర ఇంకో ఉపద్రవం ఎదురైంది. అక్కడ ప్రథమ చికిత్స చూసే ఆయనకు, నల్లగా జిడ్డోడుతూ, వాచి ఉన్న వేలు కనపడటమే ఆలస్యం. యంత్రంలో పడిందనుకుని, "మాట్లాడకండి, మాట్లాడకండి" అంటూ రింగుతో సహా కట్టు కట్టేశాడు. మాట్లాడవద్దన్నాక వాళ్లిద్దరూ తమ సంగతి చెప్పే వీల్లేకపోయింది. కొలతల గది ముందుకు చేరేసరికి సరిగ్గా పదయింది.

కొలతల గదికి పెద్ద, అక్కడి లెక్చరర్. పిల్లలు పెట్టిన పేరు మైక్రాన్ సార్. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. అంతకన్నా పెద్ద తప్పును ఆయన ముప్పై ఏళ్లుగా క్షమించలేదు. గొంతు పెంచితే కొలిచే పరికరంలో ముల్లు కదులుతుందన్నట్టు గుసగుసగా మాట్లాడతాడు.

"రింగేదమ్మా?"

అమ్మాయి నాన్న చేతి కట్టు చూపించింది.

"గుడ్డలో చుట్టి తెచ్చావు, మంచిదే. మోయడానికి ఈయన్నెందుకు తెచ్చావు?"

"విడిగా రాదు సార్. మా నాన్న."

కట్టు విప్పి చూసి మైక్రాన్ సార్ నిట్టూర్చాడు. "లోపల వేలుండగా రంధ్రాన్ని కొలవలేను. గదిలో ఎప్పుడూ ఇరవై డిగ్రీల చలి. చలికి వేలు సన్నబడుతుంది. చెప్పులు వదిలి లోపలికొచ్చి, చెయ్యి ఆ రాతిపలక మీద పెట్టి కూర్చోండి. ఇక తిప్పకండి."

దర్జీ కూర్చున్నాడు. రెండు తలుపుల వెనక, దుమ్ము లేని, చప్పుడు లేని గది. నల్లటి రాతిపలక నీళ్లు నిలిచినంత సమంగా ఉంది. ఎదురుగా గడియారం లాంటి పరికరం మీద సన్నని ముల్లు. దాని కింది ఉక్కు కడ్డీ మీద ఏం రాసుందోనని దర్జీ వంగి చూశాడు. ఊపిరి తగిలి ముల్లు వణికింది.

"ఊపిరి వేడికే కడ్డీ పెరిగింది," అన్నాడు మైక్రాన్ సార్ మామూలుగా.

దర్జీ ఊపిరి బిగబట్టాడు.

ఆయన అవస్థ చూసి సార్ రెండు చిన్న ఉక్కు దిమ్మెలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి జరిపి, చేతిలో పెట్టాడు. "విడదీయండి."

దర్జీ ఎడమచేత్తో లాగాడు. రాలేదు. దులిపినా ఊడలేదు. "బంకేం పూశారు సార్?"

"ఏమీ లేదు. రెండూ అంత చదునుగా ఉన్నాయి. అంతే."

పాతికేళ్లుగా రెండు గుడ్డముక్కల్ని కలపాలంటే దారం కావాలని నమ్మిన మనిషి ఆ దిమ్మెల్ని కళ్లప్పగించి చూశాడు. మనిషి చేతులు ఇంత నున్నన చేయగలవా? ఈ గదిలోనా తన కూతురు ఇన్నాళ్లూ తిరుగుతున్నది? ఆయనకు ఒళ్లు జలదరించింది. కొంత చలికే అయినా, మిగతాదంతా ఆశ్చర్యమే. ఇంట్లో తాను రోజూ వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

గంట గడిచేసరికి వేలు ముడుచుకుంది. రింగు కణుపు దాటి, ఏమీ ఎరగనట్టు అమ్మాయి అరచేతిలోకి జారింది. చలికి దాని ఒంట్లో వేడి కూడా దిగాలని, శుభ్రంగా తుడిచి ఇంకో గంట పక్కన పెట్టారు.

ఈలోగా మైక్రాన్ సార్ మిగతావాళ్ల రింగులు మొదలుపెట్టాడు. ఆయన చేతిలో రెండు కొసల ఉక్కు కడ్డీ ఉంది. ఒక కొస సరిగ్గా ఇరవై, అది రంధ్రంలోకి పోవాలి; రెండోది పిసరు లావు, అది పోకూడదు. పరీక్ష అంతే. మొదటి రింగులో పోవాల్సిన కొస పోలేదు. రెండోదాంట్లో పోలేదు. పదోదాంట్లో పోలేదు. ఇరవై రెండు రింగుల్లో ఒక్కదాంట్లోనూ పోలేదు. సార్ ముఖం పాలిపోయింది. రింగుల్ని ఒక్కొక్కటే పరికరంతో కొలిచి చూశాడు.

"తప్పు నాదే," అన్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ గది ఆ మాట విన్నది. "వర్క్‌షాపు మూసే వేళయిందని నేనే తొందరపెట్టాను. అందరూ యంత్రం మీద, వేడి చల్లారకుండానే కొలిచేశారు. వేడికి రంధ్రం పెద్దదై కనపడింది. చల్లారాక ముడుచుకుంది. ఒక్కోటి మూడు మైక్రాన్లు తక్కువ."

అమ్మాయి కూడా ఆ సాయంత్రమే, ఆ యంత్రం మీదే, అంత వేడిగానే కొలిచింది. నాన్న వేలు కాపాడిన రింగు ముందే ఫెయిలై ఉందన్నమాట. ఆ సంగతి ఆయనతో ఎలా చెప్పాలో తెలియక బేలగా నాన్న వైపు చూసింది.

సార్ ఆఖరి రింగు అందుకున్నాడు. కడ్డీ కొస ఆనించాడు, నొక్కలేదు. అది తన బరువుకు తనే, లోపలి గాలిని మెల్లగా బయటికి తోస్తూ, నిద్రలోకి జారినట్టు దిగింది. రెండో కొస పెట్టి చూశాడు. పోలేదు.

దర్జీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం జరిగిందో ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఒక గొప్ప సంగతి జరిగిందని మాత్రం తెలిసింది.

సార్ రింగును దీపం కింద పెట్టాడు. లోపలి గోడ అద్దంలా మెరుస్తోంది. "పిల్లలెవరూ ఇంత నునుపు తీసుకురాలేరు. మూడు, నాలుగు మైక్రాన్లు ఎంతో ఓపికగా, సమంగా అరగదీశారు. ఏం వాడావమ్మా?"

అబద్ధం ఆడే గది కాదది. అమ్మాయి నూనె దగ్గర్నుంచి, అంట్లు తోమే పొడి, నాయనమ్మ ఆజ్ఞలు, బస్సులో గంటసేపటి తిప్పుడు దాకా అంతా చెప్పింది. నల్లటి మురికి మాట వచ్చినప్పుడు సార్ కళ్లు పెద్దవయ్యాయి.

"అది మురికి కాదమ్మా. ఉక్కు."

"మా అమ్మకు ఈ ముక్క మీరే చెప్పాలి సార్," అన్నాడు దర్జీ.

మైక్రాన్ సార్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. చివరి నునుపుకు ఏ సాధనం వాడాలన్నది విద్యార్థి ఇష్టం అని ఉంది. రింగు పాసైంది. మిగతా ఇరవై రెండు మందికి అరగదీసుకోవడానికి వారం గడువిచ్చి, ఆయన రికార్డు పుస్తకం తెరిచాడు. సాధనం అన్న గడిలో, గీతలు తాకకుండా చిన్న అక్షరాలతో, 'విద్యార్థిని తండ్రి కుడిచేతి ఉంగరపు వేలు, ఒకటి' అని రాశాడు.

'పని తర్వాత సాధనం స్థితి' అన్న పక్క గడి ఖాళీగా వదలడం ఆయనకు అలవాటు లేదు గనక, వేలిని ఇంకోసారి పరీక్షగా చూసి పూర్తి చేశాడు: 'తోలు కాస్త లేచింది. మళ్లీ వాడవచ్చు.'