దర్జీగారి తోటకు ట్రయల్

సాయంత్రంలోగా తోట ఎలా ఉండాలో తేల్చకపోతే వాకిలంతా సిమెంటు పోయించేస్తానని చెప్పి దర్జీ భార్య కూరగాయలకు వెళ్లింది. ఇంట్లోకి వచ్చే బురద తుడవలేక ఆమెకు విసుగెత్తిపోయింది. పైగా ఆమె తమ్ముడు తాపీమేస్త్రీ. సిమెంటు మాట చెవిన పడితే చాలు, నిద్రలోంచి లేచొస్తాడు. దర్జీకి మాత్రం మిషన్ మీంచి తలెత్తితే నాలుగు పూలు కనబడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

ట్రయల్ చూడకుండా ఆయన ఏదీ కుట్టి ఎరగడు. తోటకైనా అంతే. పైసా ఖర్చు లేకుండా, కత్తిరించగా మిగిలిన ముక్కల మూట తెచ్చి వాకిట్లో నేల మీద పరిచాడు. పచ్చవి గడ్డి, ఎర్రవి గులాబీలు, పసుపువి బంతులు. మధ్యలో లైనింగు గుడ్డతో వయ్యారంగా మెలికలు తిరిగే దారి. ఎగిరిపోకుండా గుండుసూదులు గుచ్చుతూ, మిగతావి అలవాటుగా పెదాల మధ్య పెట్టుకున్నాడు.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఇదేంటి అన్నయ్యగారూ, షాపు ఎత్తేస్తున్నారా?"

"ఊ," అన్నాడు దర్జీ. నోట్లో సూదులున్నప్పుడు ఎవరేం చెప్పినా ఆయన వినడు, ఊ కొడతాడు.

"ఈ గుడ్డలన్నీ ఊరికే ఇచ్చేస్తున్నారా?"

"ఊ."

కాసేపట్లో వీధి వీధంతా దిగింది. సగంమంది ముక్కల కోసం, సగంమంది కుట్టడానికిచ్చిన తమ బట్టల కోసం. "నా జాకెట్టు ఏదీ?" "మావాడి పెళ్లికోటు సంగతేంటండీ?" అంటూ గేటు నుంచి షాపు గదికి, అరిచి అరిచి గొంతెండిపోయి అక్కణ్ణుంచి కుళాయికి పరుగులు. ఈలోగా గులాబీలు ఒకావిడ చంకలోకి, గడ్డి ఇంకొకరి సంచిలోకి చేరిపోయాయి.

షాపు మూసేస్తున్నారటగా అని వీధి మొదట్లోనే ఎవరో ఓదారిస్తే భార్య రొప్పుతూ వచ్చింది. "ఏమండీ! నాతో ఒక్క మాటైనా అనకుండా షాపు మూసేస్తారా?"

"ఊ."

ఆమె టమాటాల సంచీ మీదే కూలబడింది. ఆ చప్పుడుకు దర్జీ తలెత్తి, సూదులు అరచేతిలోకి ఊసి, "షాపెవరు మూశారే? నేను తోట వేసుకుంటున్నా! అయ్యో, నా తోటేదీ?" అని గావుకేక పెట్టాడు.

అందరూ చేతుల్లోని గుడ్డల వంక చూసుకుని సిగ్గుపడ్డారు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ సిమెంటు బస్తాతో దిగాడు.

"ప్లాను ఏది బావా?"

నేల బోడిగా ఉంది. గుడ్డలతో పరిచిన మెలికల దారితో సహా అంతా పోయిందని చెబుతుంటే దర్జీకి ఏడుపొక్కటే తక్కువ. మేస్త్రీ మాత్రం తడిమట్టిలో పడ్డ అడుగులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకేం గీస్తావు బావా? గేటు నుంచి షాపుకి, షాపు నుంచి కుళాయికి. జనం నడిచిందే దారి. నీ మెలికల మీద ఒక్కడైనా కాలు పెట్టాడా? ఈ రెండిటికీ ఈ బస్తా చాలు. మిగతాదంతా నీ మొక్కలకే."

"మరి బురద రాదుగా?" అంది భార్య, నవ్వాపుకుంటూ.

సాయంత్రానికి ఎర్రముక్క తీసుకున్నావిడ గులాబీ కొమ్మ తెచ్చింది. పసుపుముక్క వాళ్లు బంతినారు, పచ్చముక్క వాళ్లు గడ్డి తెచ్చారు. లైనింగు పట్టుకెళ్లినాయన దగ్గర మొక్కలేవీ లేక, అన్నిటికీ నీళ్లు పోశాడు. దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పూలు విరగబూసిన రోజు పక్కింటావిడ మళ్లీ గోడ మీంచి తొంగిచూసింది. "అన్నయ్యగారూ, రోజూ సాయంత్రం మేమంతా వచ్చి ఇక్కడే కూర్చోవచ్చా?"

అప్పటికి దర్జీ నోట్లో గుండుసూదులున్నాయి.