కొంగల ప్రయోగశాలలో ముళ్లపందికి చోటు

ఒక పెద్ద అడవిలో సైన్సంతా కొంగల ముక్కున ఉండేది. వాగు ఒడ్డున పరిశోధన కేంద్రం, అందులో నాలుగు ప్రయోగశాలలు. ఒకదాంట్లో చేప ఎందుకు జారుతుందో చూసేవాళ్లు. ఇంకోదాంట్లో ఎంత జారుతుందో. మిగతా రెండింట్లో, జారిపోయిన చేప ఎటు పోయిందో చర్చించేవాళ్లు.

ఇంకే జాతీ లేదేమని రాజుగారు అడిగేసరికి, మంగతాయి అనే ముంగిసను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఏటా వానాకాలం ఆమె పేటలో ఒకరిద్దరు పాము కాటుకు పోతుంటారు. విషానికి విరుగుడు కనిపెట్టాలని మంగతాయి పట్టుదల.

ఆమెకిచ్చిన పని మాత్రం గుమ్మంలో నిలబడి అతిథులకు పూలగుత్తి అందించడం. ప్రయోగశాలలో పనిచెయ్యాలంటే ఒంటికాలి మీద నిలబడాలి. అలా అయితేనే ఆలోచన వస్తుందని కొంగల నమ్మకం. మంగతాయి ప్రయత్నించిన ప్రతిసారీ పూలగుత్తి మీదే పడింది.

"సార్, ఒక్క మూల ఇప్పించండి. పాము విషం మీద పని చేసుకుంటా," అని డైరెక్టర్ ధవళయ్యను బతిమాలింది.

"విషమా? చేపలో ఉంటే చెప్పమ్మాయ్, చూద్దాం."

ఇంతలో తనిఖీకి ఎలుగుబంటి వస్తున్నాడని కబురు. ప్రతి గదిలోనూ వేరే జాతి శాస్త్రజ్ఞుడు కనిపించకపోతే కేంద్రం మూసేస్తాడట. కొత్తవాళ్లను చేర్చుకుందామని ఒక కొంగ అనబోతే, మిగతావాళ్లు చూసిన చూపుకు కాలు మార్చుకుని ఊరుకుంది.

"మంగతాయీ, నువ్వు మా ఇంటి ఆడపడుచులాంటి దానివి," అన్నాడు ధవళయ్య. "నాలుగు గదుల్లోనూ నువ్వే ఉండాలి."

"ఉంటే విషం పని ఇస్తారా?"

"తనిఖీ అయ్యాక మాట్లాడుకుందాం."

ఆ మాటకు అర్థం అడవిలో అందరికీ తెలుసు. అయినా మంగతాయి సరేనంది.

ఎలుగుబంటికి చూపు కాస్త తక్కువ. ఆ సంగతి తెలియనిది ఆయనొక్కడికే. మొదటి గదిలో మంగతాయి ముంగిసలా నిలబడింది. ఆ వేషం బాగానే కుదిరింది. తర్వాత దొడ్డిదారిన పరుగెత్తి, ఒంటినిండా చీపురుపుల్లలు దోపుకుని ముళ్లపంది అయింది. మూడో గదిలో వీపు మీద సొరకాయ బుర్ర బోర్లించుకుని తాబేలు. నాలుగో గదికి చేరేసరికి ఆయాసం. తోక పైకెత్తి, ఉడుతనంది.

"ఒళ్లు చేసినట్టున్నావే?" అన్నాడు ఎలుగుబంటి.

"కూర్చుని చేసే ఉద్యోగం కదండీ."

"నీ పరిశోధన దేని మీద?"

"పాము విషానికి విరుగుడు మీదండీ." మిగతా గదుల్లోనూ ఆమె ఇదే చెప్పింది.

ఎలుగుబంటి కళ్లు చెమర్చాయి. "నాలుగు జాతులు, ఒకటే మాట! ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు. చేపల గోల ఈ కొంగలదే. ఇక నాలుగు గదులూ విషం పనికే ఇచ్చేయండి. కొంగలు సర్దుకుని బయల్దేరండి."

నిజం చెబితే నాటకం బయటపడుతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. ధవళయ్య జీవితంలో మొదటిసారి రెండు కాళ్ల మీదా నిలబడి ఆలోచించాడు. ఏమీ తోచలేదు.

మంగతాయి నాలుగు గదుల్లోనూ విరుగుడు నూరుతుండగా, అసలు ముళ్లపంది ఒకటి ఉద్యోగం అడగడానికి వచ్చింది.

"అయ్యో బాబాయ్," అంది మంగతాయి, తల కూడా ఎత్తకుండా. "మీ ముళ్లపందుల చోటు ఎప్పుడో నిండిపోయింది."

నీతి: అన్ని జాతులకూ చోటివ్వడం కష్టమేం కాదు, అందరి తరఫునా ఒక్కరే వస్తే.