ఏడు అర్థాల ఆకుపచ్చ గుండీ

సినిమా చూడటం శుద్ధ దండగ. చూడవలసింది సినిమా మీద విశ్లేషణ!

రెండున్నర గంటల సినిమాలో ఏముంటుంది? నవ్వుతాం, ఏడుస్తాం, లేచి ఇంటికొస్తాం. మనం ఎందుకు ఏడ్చామో తెలియాలంటే నాలుగు గంటల విశ్లేషణ వీడియో చూడాలి. కథ బాగుందని ఏడ్చాననుకున్నాను నేను. కాదట! వెనక గోడ రంగు చూసి ఏడ్చానట. తెలియక ఎన్ని కన్నీళ్లు పాడుచేసుకున్నానో!

నా అదృష్టం, మా ఇంట్లోనే ఒక విశ్లేషకురాలుంది. నా మనవరాలు. వంటింటి పక్క గదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, కెమెరా ముందు కూర్చుంటుంది. అప్పుడు ఇంట్లో మిక్సీ తిరగకూడదు, ఎవరూ దగ్గకూడదు. మా అబ్బాయి తుమ్మొస్తే వీధి మలుపు దాకా పరుగెత్తి తుమ్మి వస్తాడు. కళ కోసం ఆ మాత్రం చేయలేమా?

కిందటి వారం ఒక పాత సినిమా పట్టుకుంది. అందులో హీరో తెల్లచొక్కాకు ఆరు గుండీలు. అయిదు తెల్లవి, పైనుంచి మూడోది ఆకుపచ్చది. దాని మీద నలభై ఏడు నిమిషాలు! ఆ గుండీ హీరో అసూయట. కాసేపటికి అతని బాల్యమట. ఆఖరికి మనిషిలో మిగిలిన అడవి! మొత్తం ఏడు అర్థాలు. ఎనిమిదోది తనకే ముందు తట్టిందని ఒకాయన కామెంట్లలో కొట్లాటకు దిగాడు.

నాకు ఒళ్లు పులకరించింది. ఆ సినిమాకు దర్జీ మా ఆయనే మరి!

మనవరాలు దానికే రెండో భాగం తీస్తుంటే, తలుపు సందులోంచి తల పెట్టాను. "అది మీ తాతయ్య కుట్టిన గుండీనే!"

"నానమ్మా! రికార్డింగ్‌లో ఉన్నా!"

"తెల్లది ఊడి ఎక్కడో పడిపోయిందే. అవతల హీరో బనీనుతో నిలబడున్నాడు. చేతికి దొరికింది కుట్టేశాడు."

"అబ్బా, అలా చెబితే ఎవరు చూస్తారు నానమ్మా?"

నిజమే కదా! దర్జీ కుట్టాడంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మిగతా నలభై ఆరు నిమిషాలు జనం ఏం కావాలి?

అయినా ఊరుకోలేకపోయాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పూటంతా కూర్చుని, 'దర్జీ' అన్న పేరుతో కామెంటు పెట్టాను. "ఆ గుండీ మా ఆయన కుట్టాడు. తెల్లది దొరకలేదు."

మూడో రోజుకల్లా ఇంకో ఛానల్‌లో నా కామెంటు మీదే వీడియో! 'మా ఆయన' అంటే కాలమట. తెల్లది దొరకలేదంటే లోకంలో శాంతి లేదనట. రాసినవాడు ఎవరో కుర్ర తాత్వికుడట!

"ఎంత లోతుగా రాశాడో చూడు నానమ్మా!" అని మనవరాలే నాకు చూపించింది.

అందుకే అంటున్నాను, ఈ విశ్లేషకులు చల్లగా ఉండాలి. చీమ తలంత వస్తువైనా వీళ్ల కళ్లు దాటిపోదు.

ఆ గుండీ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు. ఆ రోజు క్యారేజీ ఇవ్వడానికి వెళితే, నా ఒంటి మీది స్వెటర్ నుంచే కత్తిరించాడు మా ఆయన. "సాయంత్రం ఇంకోటి కుట్టిపెడతాలేవే" అన్నాడు. పని ఒత్తిడిలో మరిచిపోయాడు. తర్వాత ఆయనే లేకుండా పోయాడు.

ముప్ఫై ఏళ్లుగా అదే స్వెటర్ వేసుకుంటున్నాను. పైనుంచి మూడో గుండీ లేదు. మనవరాలు రోజూ నాకెదురుగా కూర్చుని, చిన్న చిన్న వస్తువులను ఎలా గమనించాలో నాకు వివరంగా చెబుతూ భోంచేస్తుంది.