చరిత్రకారుడు కాదని ధ్రువీకరణ పత్రం

ఒక జాతి గొప్పదనం దాని చరిత్రలో లేదు, ఆ చరిత్రకు ఎన్ని ఫారాలు జతచేశారన్న దాంట్లో ఉంది. ఈ సత్యాన్ని ముందుగా గ్రహించింది మా ఊరి గతకాల వ్యవహారాల శాఖ. చరిత్రకారులు కాకపోయినా జనానికి చరిత్ర తెలియజెప్పినవారికి ఈ ఏడాది నుంచి పురస్కారం ఇస్తారట. ఒక పతకం, జీవితాంతం చెల్లే బస్సు పాసు. (పతకం సంగతి సరే.)

పదకొండో నంబరు బస్సు కండక్టర్‌కు ఆ పాసే కావాలి. ముప్పై ఏళ్లుగా ఆయన టిక్కెట్లు చింపి ఇస్తూనే, ప్రతి స్టాపు దగ్గరా అక్కడ ఇదివరకు ఏముండేదో చెబుతున్నాడు. వింటూ కూర్చుని దిగాల్సిన చోటు దాటిపోయినవాళ్లు బోలెడుమంది. (వాళ్లు మిగతా సగం తిరుగు బస్సులో విన్నారు.) నెలాఖరుకు ఆయన రిటైరవుతాడు. పాసు రాకపోతే ఆ కబుర్లన్నీ ఇంట్లోనే చెప్పుకోవాలి.

"నాకు మాత్రం చెప్పకండి బాబూ, పెళ్లయిన కొత్తలోనే అన్నీ వినేశాను. వెళ్లి ఆ ఫారమేదో నింపండి," అంది భార్య.

తొమ్మిదో ప్రశ్న: 'మీ వల్ల ప్రజల అవగాహన ఎంత ముందుకు సాగింది?' ఆయన నిజాయితీగా 'రోజుకు ఎనభై నాలుగు కిలోమీటర్లు' అని రాశాడు. శాఖ ఆమోదించింది. చిక్కంతా పదో ప్రశ్నతో వచ్చింది. తాను చరిత్రకారుడు కాదని ఒక చరిత్రకారుడి చేత రాయించుకు రావాలి.

కాలేజీలో చరిత్ర ప్రొఫెసర్ నిబంధన ప్రకారం పరీక్ష పెట్టాడు. "పాత వంతెన ఎప్పుడు కట్టారు?"

"రెండుసార్లు కట్టారండి. మొదటిది కట్టిన ఏడాదే కూలింది. మీ పుస్తకంలో ఒక్కసారే అని పడింది సార్."

ప్రొఫెసర్ తన పుస్తకం తిరగేసి చూసుకుని, పెన్నుకు మూత పెట్టేశాడు. "ఇంత తెలిసిన మీరు చరిత్రకారుడు కాదని ఎలా రాసిచ్చేదండీ? అబద్ధమైపోదూ!"

"పోనీ, అవునని రాసివ్వండి."

"దానికి డిగ్రీ ఉండాలి కదా."

అలా కండక్టర్ రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. శాఖ మాత్రం అధైర్యపడలేదు. చరిత్ర బొత్తిగా తెలియదని ముగ్గురు ప్రొఫెసర్లు ముక్తకంఠంతో ధ్రువీకరించిన వ్యక్తి ఒకాయన దొరికాడు. ఆ శాఖ సూపరింటెండెంటే. పురస్కారం ఆయనకే దక్కింది. (జనసేవకు రుజువుగా, పురస్కార ప్రకటన కింద ఉన్న తన సంతకాన్నే చూపించాడు.)

ఆఖరి రోజున కండక్టర్ ఏ స్టాపు గురించీ చెప్పలేదు. అందరం ఎక్కడ దిగాలో అక్కడే దిగాం. నాకు చాలా బాధేసింది.

మర్నాడు ఆయనకు సూపరింటెండెంట్ ఫోన్ చేశాడు. "అన్నగారూ, ఏమీ అనుకోకండి. పాసు అయితే ఇచ్చారు గానీ, ఇంతకీ మన ఊళ్లో బస్సు ఎక్కడ ఎక్కాలండీ?"