ఆరు పౌండ్ల మెర్ల్

ఆదివారం పొద్దున పది గంటలకి మొగుణ్ణి విమానంలోంచి పడెయ్యాలని లొరెట్టా హాస్కిన్స్ నిర్ణయించుకుంది. మొగుడు మెర్ల్ పోయి అప్పటికి ఏడు వారాలైంది కాబట్టి ఇందులో నేరమేమీ లేదు. ఆరిజోనా ఎడారిలో ఉన్న ఆ చిన్న విమానాల మైదానంలో, ఆకాశంలోంచి దూకేవాళ్ళలో ఎవరు పోయినా ఆనవాయితీ అదే. పది పన్నెండుమంది స్నేహితులు అస్థికల సంచితో పైకి వెళ్ళి, చేతులు పట్టుకుని గుండ్రంగా పడుతూ, మధ్యలో సంచి విప్పుతారు. తర్వాత కిందికొచ్చి ఏడుస్తారు, తింటారు, పోయినవాడి గురించి ఉన్నవీ లేనివీ కలిపి చెప్పుకుంటారు.

పదింటికే ఎందుకంటే, ఆ ఊళ్ళో పదకొండు దాటితే గాలి మాట వినదు. సుడిగాలులు లేచి దుమ్మును ఇంటెత్తున తిప్పుతాయి. గాలి ఎక్కువైతే విమానం ఎగరకూడదని చెప్పాల్సిన మనిషి కూడా లొరెట్టాయే. ముప్పై ఏళ్ళుగా ఆమె పని పారాచూట్లు విప్పడం, ఆరబెట్టడం, చిరుగులు కుట్టడం, మళ్ళీ మడవడం. ప్రమాదంలో అక్కరకొచ్చే రెండో పారాచూట్‌ని ఆరు నెలలకోసారి ఆమె మడిచి చీటీ మీద సంతకం పెడితేనే ఎవరైనా విమానం ఎక్కేది. సంతకం లేకపోతే ఎంత మొనగాడైనా నేలమీదే.

ఆ సంతకం దగ్గరే ఆమెకి నిద్ర కరువైంది. రెండేళ్ళ కిందట మెర్ల్ గుండె బాగాలేదని డాక్టరు చెప్పాడు. దూకొద్దంటే వినే రకం కాదు మెర్ల్. లొరెట్టా వాదించలేదు. అతని పారాచూట్ తీసి, సంతకం పెట్టకుండా పై అరలో పెట్టి, "వచ్చే నెల చూద్దాంలే" అంది. ఆ వచ్చే నెల రెండేళ్ళపాటు రాలేదు. అతను రోజూ షెడ్డు ముందు మడత కుర్చీ వేసుకుని, దిగేవాళ్ళని చూస్తూ, దిగిన ప్రతివాడికీ తప్పులు చెబుతూ కూర్చున్నాడు. జనవరిలో ఒక పొద్దున ఆ కుర్చీలోనే, తల పైకెత్తుకుని, పోయాడు. అందరూ పుణ్యాత్ముడన్నారు. లొరెట్టా మాత్రం, ఆకాశంలో పోవాల్సిన మనిషిని తను కుర్చీలో పోయేలా చేశానని నమ్మింది. ఆ నమ్మకాన్ని ఎవరికీ చెప్పకుండా ఏడు వారాలు మోసింది.

శనివారం ఆమె అస్థికలకి సంచి కుట్టింది. చేతులకి ఏది అలవాటో అదే వచ్చింది. తేలికపాటి మనుషులు గాలిలో నెమ్మదిగా పడతారు, తోటివాళ్ళని అందుకోలేరు. అందుకని నడుము బెల్టుకి సీసపు గుళ్ళ సంచులు తగిలించుకుంటారు. అవి కుట్టేదీ లొరెట్టాయే. మెర్ల్‌ని కూడా అదే నల్ల నైలాను గుడ్డలో, అదే కొలతకి, అదే దారంతో కుట్టేసింది. అలవాటుకొద్దీ తూచి, "ఆరు పౌండ్లు" అని చీటీ కూడా అంటించింది. ఆదివారం ఏడింటికి తీసుకొచ్చి, కుట్టుగదిలో ఒకప్పుడు అతని పారాచూట్ వేలాడిన మేకుకి తగిలించింది. అక్కడే కాసేపు నిలబడి ఏడ్చి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి మరిచిపోయింది.

ఆమె మరిచిపోయింది ఇంకొకటుంది. పంటి డాక్టరు దగ్గర పనిచేసే ట్రినాకి శుక్రవారం మాటిచ్చింది. "నీ సీసం సంచి చిరిగిపోయింది పిల్లా. కొత్తది కుట్టి ఆదివారానికి కుట్టుగదిలో మేకుకి తగిలిస్తాను, నేనున్నా లేకపోయినా తీసుకుపో."

ట్రినా తీసుకుపోయింది. ఏడున్నరకి బెల్టు కట్టుకుని లొరెట్టా ముందుకొచ్చి నిలబడింది, విమానమెక్కేముందు సామాను చూపించుకోడానికి. లొరెట్టా కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతులతోనే తడుముకుంటూ చూసింది.

"రొమ్ము పట్టీ సరే. పిన్ను సరే. ఎత్తు చూపే గడియారం సున్నా దగ్గరుందా?"

"ఉంది."

"నిన్న ఎంత ఎత్తులో తెరిచావ్?"

"కాస్త కిందికొచ్చేశాక తెరిచాను. మా డాక్టరు గురించి ఆలోచిస్తున్నా. శుక్రవారం ఒకావిడకి మంచి పన్ను పీకేశాడు, ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది."

"పైన ఉన్నప్పుడు కింది ఉద్యోగం గుర్తు రాకూడదు. వస్తే చస్తావ్. బెల్టేంటి, ఇంత వదులుగా కట్టుకున్నావ్?" అని లొరెట్టా ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, ఒక్క గుంజు గుంజి బిగించింది. "కదలకూడదు. కదిలిందంటే నిన్ను తిప్పి పడేస్తుంది. ఇప్పుడు సరే, వెళ్ళు."

తొమ్మిదిన్నరకి మేకు ఖాళీగా కనబడింది. లొరెట్టా బల్ల కింద చూసింది, చెత్తబుట్ట బోర్లించింది, కుట్టు మిషన్ కడుపులో కూడా వెతికింది. ఆపైన మైదానంలోకి పరుగెత్తుకెళ్ళి, విమానమెక్కేవాళ్ళ పేర్లు రాసే గదిలోకి తల పెట్టి అరిచింది. "కర్టిస్! మెర్ల్ కనపడ్డంలేదు!" జవాబు కోసం ఆగకుండా అటే వెళ్ళిపోయింది.

కర్టిస్ ఒహాయో నుంచి వచ్చి మూడు వారాలైంది. అతనికి మెర్ల్ ఎవరో తెలియదు. పొద్దుటి నుంచి ఎగిరిన మూడు విమానాల జాబితాలూ తిరగేశాడు. మెర్ల్ అనే పేరు లేదు. అంటే ఎవడో పేరు రాయించకుండా ఎక్కి దూకాడు, కిందికి రాలేదు. కర్టిస్ పద్ధతి ప్రకారం పోలీసులకి ఫోన్ చేశాడు, పద్ధతి ప్రకారం మైకులో చెప్పాడు. "అందరూ వినండి! మెర్ల్ ఇంకా దిగలేదు! చివరిసారి ఎవరైనా చూస్తే చెప్పండి!"

మెర్ల్‌ని ఎరిగిన పాతవాళ్ళు అది నివాళి అనుకుని టోపీలు తీసి నిలబడ్డారు. ఎరగని కొత్తవాళ్ళు రెండు ట్రక్కులెక్కి ఎడారిలోకి వెతకడానికి పోయారు. ఇంతలో పోలీసు డిప్యూటీ వచ్చాడు. అతనికి ముందుగా దొరికినవాడు గస్. మెర్ల్‌కి నలభై ఏళ్ళుగా స్నేహితుడు, స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు, ఎడమ చెవి వినపడనివాడు.

"తప్పిపోయినవాళ్ళ వివరాలు చెప్పండి. బరువెంత?"

"ఆరు పౌండ్లు," అన్నాడు గస్.

డిప్యూటీ కలం ఆగింది. "ఆరా?"

"ఆరే. లొరెట్టా నిన్న తూచింది."

"పసికందా..." అని డిప్యూటీ గొణిగింది గస్ ఎడమ చెవిలోకి పోయింది. "ఒంటిమీద ఏముంది?"

"నల్ల నైలాను. మూతి బిగించి కుట్టింది."

"మూతి కుట్టిందా? ఎవరు?"

"లొరెట్టాయే. రెండు వరసలు కుట్టింది. ఆవిడ కుట్టాక ఇంక ఊడదు."

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"మేకుకి తగిలించి ఉండగా చూశాను," అని గస్ ముక్కు తుడుచుకున్నాడు. "పదింటికి అందరం కలిసి విమానంలోంచి పడేద్దామనుకున్నాం. ఇంతలో ఇలా అయ్యింది."

అయిదు నిమిషాల్లో లొరెట్టా పోలీసు కారు వెనక సీట్లో ఉంది. ఇంకో అయిదు నిమిషాల్లో పసిబిడ్డ కోసం హెలికాప్టరు బయల్దేరింది. అది తిరిగినంతసేపూ మైదానం మీద ఇంకే విమానమూ ఎగరకూడదని హుకుం వచ్చింది. గాలి లేని పొద్దు, ఆ నెల మొత్తంలో అంత మంచి పొద్దు, కారు అద్దంలోంచి చూస్తుండగానే లొరెట్టా చేయి దాటిపోయింది. ఆమె అరవలేదు. తన చేతిసంచిలోంచి దహనవాటికవాళ్ళిచ్చిన కాగితం తీసి, ముందు సీటుకి అందించి, "నా మొగుడు నాయనా. పసివాడు కాదు, డెబ్భై ఒకటి" అంది.

డిప్యూటీ కాగితం చదివాడు. రెండోసారి చదివి టోపీ తీశాడు, ఆమెకి కారు తలుపూ తీశాడు. హెలికాప్టరుని మాత్రం వెంటనే పిలవలేకపోయాడు. దానికి పై అధికారి మాట కావాలి, ఆయన చర్చిలో ఉన్నాడు.

పదకొండు దాటాక హెలికాప్టరు వెళ్ళిపోయింది. అప్పటికి దాని రెక్కల వల్ల కాకుండానే దుమ్ము లేస్తోంది. సరిగ్గా ఆ దుమ్ములోంచి ట్రినా కుంటుకుంటూ వచ్చింది, పారాచూట్ చంకలో కుక్కుకుని, ముళ్ళు గీరుకున్న మోకాళ్ళతో. మూడో జంపులో దారి తప్పి రెండు మైళ్ళ అవతల దిగింది. దిగనివాణ్ణి వెతికే హడావిడిలో, నిజంగా దిగని మనిషి గురించి ఎవరూ ఆరా తీయలేదు.

"నన్నెవరూ వెతకలేదేంటి?" అని బెంచీ మీద కూలబడింది. "దారిలో ఒక పోలీసాయన ఆపి, పసిబిడ్డ కనపడిందా అన్నాడు. లేదన్నా. దుమ్ము కొట్టి వెళ్ళిపోయాడు. లొరెట్టా, ఒక్కటి చెప్పాలి. మీరింత మంచి సంచి ఎప్పుడూ కుట్టలేదు. మూడుసార్లూ అందరితో సమంగా పడ్డాను. కాస్త మెత్తగా ఉంది కానీ..."

లొరెట్టా లేచి కుట్టుగదిలోకి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. పెట్టుకుని ట్రినా నడుము చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆ సంచి పట్టుకుని, నుదురు దానికి ఆనించి, ఏడు వారాల ఏడుపూ ఏడ్చింది. ట్రినాకి విషయం అర్థమైంది. బెల్టు విప్పుదామంటే లొరెట్టా తల అడ్డం. కదలకుండా కూర్చుండిపోయింది.

"సరే, దొరికాడు," అన్నాడు గస్. "విమానం సిద్ధంగా ఉంది. పదండి."

పన్నెండుమందీ పారాచూట్లు తగిలించుకుని లొరెట్టా వంక చూశారు. లొరెట్టా గాలి వాటం చూపే గుడ్డ గొట్టం వంక చూసింది. అది గాలికి ఉబ్బి, అడ్డంగా కర్రలా బిగుసుకుని ఉంది. మైదానం అవతల ఒక సుడిగాలి తీరిగ్గా నడిచి వెళుతోంది.

"కుదరదు," అంది.

"ఇవాళ ఒక్కరోజుకి లొరెట్టా! మెర్ల్ కోసం!"

"ఈ గాలికి మీలో ఒకరి కాలైనా విరుగుతుంది. కుదరదు."

గస్ ముఖం ఎర్రబడింది. "బతికున్నప్పుడూ నేలకి కట్టేశావ్. చచ్చాకా వదలవా?"

అనేశాక గస్‌కి నాలుక కొరుక్కోవాలనిపించింది. లొరెట్టా ఆ మాటని ఏడు వారాలుగా తనలో తనే అనుకుంటోంది. బయటినుంచి వినడం మాత్రం అదే మొదటిసారి.

"కట్టెయ్యలేదు," అంది ట్రినా చిన్నగా. "పొద్దున ఈవిడే పంపింది. వదులుగా ఉన్నాడని తిట్టి, బిగించి, సరే వెళ్ళు అంది. మూడుసార్లు వెళ్ళాడు."

లొరెట్టా తలెత్తింది. తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది. అడిగింది, "ఎలా ఉన్నాడు పైన?"

"నిమ్మళంగా. చప్పుడు లేకుండా."

"అయితే మెర్ల్ కాడేమో," అని లొరెట్టా నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైంది.

"దిగేటప్పుడు మాత్రం," ట్రినా సిగ్గుపడింది, "వెనక్కి పడి ఆయన మీద కూర్చున్నాను."

"ఆయనా అలాగే దిగేవాడు," అన్నాడు గస్. "లొరెట్టా, నన్ను క్షమించు. రేపు పొద్దున్న గాలి లేనప్పుడే వెళదాం. పద్ధతిగా గుండ్రంగా పట్టుకుని, విప్పేసి వద్దాం."

లొరెట్టా సంచిని రెండు చేతులతో ఇంకాస్త దగ్గరికి లాక్కుంది, ట్రినాతో సహా.

"రేపు వెళ్ళండి. ఎల్లుండీ వెళ్ళండి. విప్పడం మాత్రం లేదు," అంది. "ముప్పై ఏళ్ళలో కొన్ని వేలమందిని పైకి పంపాను గస్. కిందికి రాకపోయినా పరవాలేదని ఒక్కర్నీ పంపలేదు. ఇతన్నీ పంపను. పైకి తీసుకెళ్ళండి, తిప్పండి, మీ ఇష్టం. సాయంత్రానికి నా మనిషి నా దగ్గరికి రావాలి."

గస్ తల ఊపాడు. ట్రినా బెల్టు విప్పలేదు. పారాచూట్లు ఒక్కొక్కటే భుజాల మీంచి దిగాయి. ఎవరో అందరి భోజనానికి బీన్సు వేడిచెయ్యడానికి వెళ్ళారు.

కర్టిస్ మర్నాటి మొదటి విమానానికి జాబితా మొదలుపెట్టాడు. ఇక ఈ జన్మలో ఏ పేరూ వదిలిపెట్టకూడదని గట్టిగా అనుకుని, మొదటి వరసలో ఇలా రాశాడు: ట్రినా, మెర్ల్, ఇద్దరూ కలిపి నూట పదకొండు పౌండ్లు.