నెవేనా పేరిట ఉడికిన గోధుమలు

ఒకే మనిషి కళాశాలలో మట్టి గురించి పాఠాలు చెబుతూ, ఇంట్లో పిల్లల నవలలు రాస్తే, దేవుడు దేన్ని మెచ్చుకుంటాడన్నది నాకు ఏళ్లుగా తీరని సందేహం. బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో మా పై అంతస్తులో ఉండే నెవేనా ఆ రెండూ చేస్తుంది.

ఆమె రాసిన ముళ్లపంది నవలలను మొదట వినేది వాళ్లమ్మ డోనా. కొత్త నవల ఆఖరి అధ్యాయం మాత్రం మిగిలిపోయింది. "రేపు చదువుతానమ్మా, పరిశోధన వ్యాసం పంపాలి" అంటూ నెవేనా వారం వాయిదా వేసింది. ఆ వారంలోనే డోనా పోయింది.

ఏడాది నిండిన రోజు ఉదయం నెవేనాకు రెండు పనులు. మా ఊరి ఆనవాయితీగా అమ్మ ఫొటోతో సంస్మరణ కాగితాలు గుమ్మాలకు అంటించాలి. పన్నెండు లోపు ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు ఇవ్వాలి. ప్రింటింగ్ షాపువాడు సంస్మరణ కాగితాల మీద నెవేనా ఫొటో, దరఖాస్తు మీద అమ్మ ఫొటో వేసి తారుమారు చేశాడు. అమ్మ ముఖం చూస్తే ఏడుపొస్తుందని, నెవేనా తల తిప్పుకునే మా గుమ్మానికొకటి, డోనా ముప్పై ఏళ్లు ఊడ్చిన కళాశాల గుమ్మానికొకటి అంటించి చర్చికి వెళ్లింది.

ఫొటో చూశాక పేరెవరు చదువుతారు? ఇంటిపేరెలాగూ ఒకటే.

ఆమె కళాశాలకు వచ్చేసరికి గుమ్మం ముందు జనం, చేతుల్లో పోయినవాళ్లకు మాత్రమే ఇచ్చే సరిసంఖ్యలో పూలు. శాఖాధిపతి గెచెవ్ ఫొటోతో మాట్లాడుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆ ముళ్లపందిని వదిలితేగానీ ప్రొఫెసర్‌వి కాలేవని పదేళ్లు సాధించాను. మా మనవరాలు ఆ పుస్తకం లేందే సూపు ముట్టదు. నేనూ దొంగచాటుగా మూడుసార్లు చదివాను."

"ఆ మాట రాసిస్తారా సార్?" అంది నెవేనా వెనకనుంచి.

ఎవరో కెవ్వుమన్నారు. గెచెవ్ శిలువ గుర్తు వేసుకుని, మరుక్షణం శాఖాధిపతి అయిపోయాడు.

"బతికే ఉన్నావా? దరఖాస్తేదీ? ఇదేంటి, ఫొటోలో డోనమ్మ ఉంది! ఈవిణ్ణి ప్రొఫెసర్ని చెయ్యాలా?"

"చేస్తే బాగుండేది సార్. ఇక్కడ ఆవిడకు తెలియని గది లేదు."

"పన్నెండు కొట్టేసింది. వచ్చే ఏడాది చూద్దాం."

"ఇందాక అంతలా పొగిడారు కదా?"

"అది పోయినవాళ్లకమ్మా."

ఇంటి మెట్ల మీద పక్కింటి స్టాంకా బామ్మ గిన్నెతో ఎదురైంది. "చచ్చినదానివి చచ్చినట్టుండక ఈ తిరుగుళ్లేంటే? నీకెవరున్నారని, నీ ఆత్మశాంతికి పంచడానికి నేనే గోధుమలు ఉడకబెట్టా!"

నెవేనా నవ్వబోయి, మెట్టు మీదే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం నేనూ తోడు వెళ్లాను. సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఆఖరి అధ్యాయం పైకి చదివింది. ముళ్లపంది చలికాలపు నిద్రకు పోయేచోట, ఆరిపోబోతున్న కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టింది. చివరి వాక్యం దాకా చదివింది.

"రేపన్నాను కదమ్మా. ఏడాది పట్టింది."

తర్వాత తన ఆత్మశాంతికి ఉడికిన గోధుమలను తానే రెండు చెంచాలు తింది. పంచదార తక్కువైందట.